డెల్కోలో ఒక ప్రక్షిప్తం

రాణీగంజ్‌లో అది మూడో షాపు. కౌంటరు వెనక పెద్దాయన ఫోన్లోంచి తలెత్తకుండానే "ఏ బండి?" అన్నాడు. "అంబాసిడర్, మార్క్ టూ, 1971 మోడలు, పెట్రోలు. ప్లాటినం పాయింట్లు, కండెన్సరు, రోటరు కావాలి" అన్నాను. అప్పుడు తలెత్తాడు. నన్నూ, నా భుజానికున్న లాప్‌టాప్ బ్యాగునీ కాసేపు చూసి, "షూటింగ్‌కా?" అని అడిగాడు.

షూటింగ్‌కి కాదు. మా నాయిన కారుకి.

నేను పుట్టడానికి ఏడాది ముందు, 1985లో, మా నాయిన ఆ కారుని థర్డ్ హ్యాండ్‌లో కొన్నాడు. సూర్యాపేట బస్టాండు దగ్గర టాక్సీగా నడిపాడు. యాదగిరిగుట్ట పెళ్ళిళ్ళు, మట్టపల్లి మొక్కులు, రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర, అర్ధరాత్రి హైదరాబాదు ఆస్పత్రులు. మా ఇల్లు నడిచింది దానిమీదే. 1997లో మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సేటుకి అమ్మేశాడు. అమ్మిన రోజు తను ఏడవలేదనీ, మా అమ్మే ఏడ్చిందనీ ఇప్పటికీ చెప్తాడు. అమ్మ 2014లో పోయింది కాబట్టి దీన్ని ఖండించేవాళ్ళు లేరు. సేటు కొన్నేళ్ళు మోజుగా తిరిగి, తర్వాత మారుతి కొనుక్కుని, దీన్ని మిల్లు షెడ్డులో ఊక బస్తాల వెనక్కి నెట్టించాడు. 2022లో వాళ్ళబ్బాయి దగ్గర నేను కొన్నాను. టైర్లు లేవు, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. కానీ బానెట్ ఎత్తి చూస్తే పెట్రోలు ఇంజనే ఉంది. అది నాకు నిధి దొరికినట్టే.

ఎందుకో చెప్పాలి. ఆ 1489 సీసీ పెట్రోలు ఇంజను ఇంగ్లండు బీఎంసీ వంశంది. ఉత్తర్‌పరాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు అదే డిజైనుని దశాబ్దాల పాటు తయారు చేశారు. అయితే డీజిలు చవక. టాక్సీలు, మిల్లుల బండ్లు, ఆఫీసుల బండ్లు ఒక్కొక్కటిగా పెట్రోలు గుండె పీకించుకుని డీజిలు గుండె పెట్టించుకున్నాయి. డీజిలు ఇంజనుకి స్పార్కు అక్కర్లేదు. ప్లగ్గుల్లేవు, కాయిలు లేదు, పాయింట్లు లేవు. ఒక బండి డీజిలుకి మారిందంటే ఒక మెకానిక్కు ఆ పనిని కొంచెం మర్చిపోయాడనీ, ఒక షాపువాడు ఆ సరుకు తెప్పించడం మానేశాడనీ అర్థం. కోదాడలో లారీ స్పేర్లు దొరకని సందు లేదు. అక్కడ నేను ప్లాటినం పాయింట్లు అడిగితే ఒక కుర్రాడు ప్లాటినం నగలు అమ్మే షాపు ఎటో చూపించాడు. వాడు జోక్ చెయ్యలేదు, నిజంగానే చెప్పాడు.

నా పిచ్చి సంగతి కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. కారు నడిస్తే చాలని నేననుకోలేదు. 1971లో ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలా ఉండాలనుకున్నాను. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒక సవరణ వచ్చింది. యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేయించుకోవచ్చు, నంబరులో 'వీఏ' అనే అక్షరాలొస్తాయి. ఫీజు ఇరవై వేలు. రోజువారీ పనులకీ, కిరాయికీ తిప్పకూడదు. పన్నెండేళ్ళు మాకు అన్నం పెట్టిన టాక్సీకి కిరాయి నిషేధం. సరే, పెద్దవయసు గౌరవం అంటే అదేనేమో. నిజానికి డెల్కో మూతకింద ఏ పాయింట్లున్నాయో ఏ ఆఫీసరూ తెరిచి చూడడు. నాకు నేనే పెట్టుకున్న పరీక్ష అది.

దానికి నా దగ్గర ఒక సాహిత్య సమర్థన కూడా ఉండేది. పూనా భండార్కర్ సంస్థ వాళ్ళు 1919లో మొదలుపెట్టి 1966 దాకా, 1,259 రాతప్రతులు పక్కపక్కన పెట్టుకుని, మహాభారతానికి శుద్ధప్రతి తయారు చేశారు. కడపలో బ్రౌన్ దొర పండితుల్ని కూర్చోబెట్టి చేయించిందీ చిన్న ఎత్తున అలాంటి పనే. తర్వాతి వాళ్ళు చేర్చినవి ప్రక్షిప్తాలు, వాటిని ఏరి పక్కన పెట్టాలి, అడుగున మూలం ఉంటుంది. నేనూ అంతే చేస్తున్నాననుకున్నాను. మధ్యలో ఎవరెవరో మెకానిక్కులు చేర్చిన పాఠాలన్నీ తీసేసి 1971 నాటి మూలం బయటికి తేవడం. వీకెండ్ కాల్స్‌లో టీమ్ వాళ్ళకి ఈ పోలిక చెప్పి విసిగించాను కూడా.

ఇగ్నిషన్ అంటే ఏమిటో రెండు ముక్కలు. కాయిలులో రెండు చుట్లుంటాయి. మొదటి చుట్టులో బ్యాటరీ కరెంటు పారుతూ ఉంటుంది. ఆ దారిలో ఒక చిన్న గేటుంది, అవే పాయింట్లు. డెల్కో మధ్యలో తిరిగే ఇరుసుకున్న నాలుగు మూలల కామ్ తగిలినప్పుడల్లా గేటు తెరుచుకుంటుంది. కరెంటు టక్కున ఆగుతుంది, కాయిలులో అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతుంది, రెండో చుట్టులో వేల వోల్టులు పుడతాయి. రోటరు దాన్ని వంతుల వారీగా నాలుగు ప్లగ్గులకి పంచుతుంది. గేటు తెరుచుకునే క్షణంలో పాయింట్ల మధ్యే నిప్పు ఎగరకుండా ఆపేది కండెన్సరు. ఇంజను నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతుంటే ఈ తతంగం సెకనుకి వంద సార్లు జరుగుతుంది. ఇంత పనీ చేసేది బొటనవేలి గోరంత లోహపు ముక్క. పాయింట్ల మధ్య సందు అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు ఉండాలి. మా దగ్గర డ్రైవర్లు పెళ్ళి శుభలేఖ ముక్క దూర్చి సరిచూసేవాళ్ళు.

డెల్కో అన్నది డిస్ట్రిబ్యూటర్‌కి మన మెకానిక్కుల మాట. అమెరికా కంపెనీ పేరు అది. మా కారులో ఉన్నది లూకాస్ 25డీ4 రకం, 1961లో మద్రాసు పాడిలో పెట్టిన లూకాస్-టీవీఎస్ వాళ్ళ వస్తువు. ఇంగ్లండులో లూకాస్ కరెంటు సామాన్ల మీద బోలెడు జోకులున్నాయి, లూకాస్‌ని చీకట్లకి రాజు అంటారు. మన దగ్గర అలాంటి జోకులు పుట్టలేదు. చీకటి మనకి అలవాటే కాబట్టి కావచ్చు.

సరే, వేట. హైదరాబాదు రాణీగంజ్, కోఠి జాంబాగ్, విజయవాడ ఆటోనగర్, చివరికి మద్రాసు పుదుప్పేట. ఆటోనగర్‌లో ఒకాయన "పెట్రోలు అంబాసిడరా అండీ, మా నాన్నగారి టైములో అమ్మేవాళ్ళం" అని టీ తాగించి పంపాడు. రాణీగంజ్‌లో కొత్తగా తయారైన పాయింట్లు దొరికాయి. వాటిలో కామ్‌ని తాకే ఫైబరు మడమ మెత్తది. వెయ్యి కిలోమీటర్లకే అరిగిపోతుంది, మడమ అరిగితే సందు మూసుకుపోతుంది, టైమింగు వెనక్కి పోతుంది. ప్లగ్గుల విషయంలో మాత్రం అదృష్టం. బెంగుళూరు మైకో వాళ్ళు 2008లో బాష్ అని పేరు మార్చుకున్నారు కదా, అంతకు ముందువి, పాత పేరున్న పెట్టెల్లో నాలుగు ప్లగ్గులు జాంబాగ్‌లో దుమ్ములో దొరికాయి.

అసలు నిధి ఇంటి దగ్గరే దొరికింది. కోదాడలో ఒక పాత ఆటో స్టోరు మూసేస్తున్నారని తెలిసి పోయాను. అటక మీద, రంగు వెలసిన అట్టపెట్టెలో, నూనె కాగితంలో చుట్టిన లూకాస్-టీవీఎస్ పాయింట్లు మూడు జతలు, కండెన్సర్లు రెండు. ఎవరూ తెరవనివి. ఆ రాత్రి వాటి ఫొటోలు ఎన్ని తీసుకున్నానో చెప్పను. మర్నాడు కండెన్సరుకి మీటరు పెట్టి చూశాను. 0.2 మైక్రోఫారాడ్ చుట్టుపక్కల చూపించాల్సిన చోట ఏదో చూపించింది. బండికి పెట్టి వేడెక్కనిచ్చాక పది నిమిషాల్లో చచ్చిపోయింది. రెండోది అంతకన్నా ముందే. పాతకాలం కండెన్సరు లోపల కాగితమూ రేకూ చుట్టచుట్టి ఉంటాయి. వాడకపోయినా చెమ్మ పీల్చుకుని పెట్టెలోనే ముసలిదవుతుంది. సరైన కాలంది, సరైన కంపెనీది, ముట్టని సరుకు, చచ్చిపోయింది. చివరికి దాని డబ్బా విప్పి, లోపలిది పారేసి, ఈ కాలం కెపాసిటర్ ఒకటి దూర్చి, మళ్ళీ మూతి మూశాను. పైకి 1971. లోపల అమీర్‌పేట.

ఇది చూసి చాచా నవ్విన నవ్వు అంతా ఇంతా కాదు.

చాచా సూర్యాపేటలో మా నాయిన బండి చూసిన మెకానిక్కు. డెబ్బై అయిదు దాటాయి. షెడ్డు కొడుకు చూసుకుంటాడు, అక్కడ ఇప్పుడన్నీ స్కానర్ పెట్టి చూసే కార్లు. చాచా చేతులు వణుకుతాయి కాబట్టి స్క్రూడ్రైవరు నా చేతిలో, మాట ఆయనది. "కొంచెం ఎడమకు, ఆ, ఆపు. మల్ల కొంచెం." మొదటిసారి పాత డెల్కో విప్పింది ఆయన ముందే. మూత, రోటరు, పాయింట్ల పళ్ళెం తీశాక అడుగున రెండు చిన్న బరువులూ, రెండు స్ప్రింగులూ ఉంటాయి. ఇంజను వేగం పెరిగే కొద్దీ బరువులు బయటికి విచ్చుకుని స్పార్కుని కొంచెం ముందుకి జరుపుతాయి. ఎంత తొందరగా జరపాలో తేల్చేది స్ప్రింగులు. మా దాంట్లో ఒకటి కంపెనీది. రెండోది చేత్తో చుట్టింది. లావుపాటి తీగ, అటూ ఇటూ కొక్కేలు నోస్‌ప్లయరుతో వంచినట్టు తెలుస్తూనే ఉంది.

"ఇది ఒరిజినల్ కాదు చాచా. ఎవడు పెట్టిండో గాని మొత్తం ఖరాబు చేసిండు" అన్నాను.

చాచా ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కాసేపటికి "తీసెయ్. గాని పారెయ్యకు బేటా" అన్నాడు. నేను దాన్ని జిప్ కవర్లో వేసి, పైన మార్కరుతో 'రాంగ్ పార్ట్' అని రాసి, డబ్బాలో పడేశాను. పుదుప్పేటలో అదే రకం డెల్కో ఒకటి తుక్కులో కొని, దాని స్ప్రింగులు పెట్టాను. కోదాడలో లేతు పనివాడితో ఇరుసుకి ఇత్తడి బుష్షు కొత్తది తిప్పించాను. ఫిబ్రవరిలో ఒక ఆదివారం బండి స్టార్టయింది. ఆ చప్పుడు గురించి ఇక్కడ ఒక పేరా రాసి తీసేశాను, మీరు ఊహించుకోగలరు.

ఆ తర్వాత ఒక సాయంత్రం చాచాకి మిఠాయి తీసుకుపోయినప్పుడు మాటల్లో అడిగాను, ఆ గట్టి స్ప్రింగు ఎవరైనా ఎందుకు పెడతారు అని. నాకు అది ఇంజనీరింగు ప్రశ్న మాత్రమే.

"గాసునూనె కలిపితే పెడ్తరు" అన్నాడు. "పెట్రోల్ల గాసునూనె పోస్తే, స్పార్కు తొందరగ వచ్చిందనుకో, ఇంజన్ల గోలీలు పోసి ఊపినట్టు సప్పుడైతది. పిస్టన్లు పోతయ్. అందుకే గట్టిది చుట్టి, అడ్వాన్సు నిదానంగ ఎక్కేటట్టు చేస్తుంటి. బస్టాండు బండ్లకు మస్తు చుట్టిన."

"మా బండికి కూడా మీరే చుట్టిండ్రా?"

"ఎవలెవలికి చుట్టిన్నో యాదికి లేదు బేటా" అన్నాడు. ఆయన యాది సంగతి నాకు తెలుసు. 1988లో మా బండి గేర్‌బాక్సు ఏ వారం దించాడో చెప్పగల మనిషి.

ఇక్కడ మా నాయిన గురించి ఒక మాట చెప్పాలి. మా ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా, ఏ చుట్టం వచ్చినా ఆయన చెప్పే వాక్యం ఒకటుంది: "పన్నెండేండ్లు టాక్సీ నడిపిన, బండ్ల సుక్క గాసునూనె పొయ్యలే." మిగతా డ్రైవర్లందరూ కలిపేవాళ్ళు, తను కలపలేదు. మా ఇంటి గౌరవం మొత్తం ఆ వాక్యం మీదే నిలబడి ఉంటుంది. నాకు ఇంజనీరింగు సీటొచ్చినప్పుడు కూడా ఆ వాక్యం చెప్పే స్వీట్లు పంచాడు.

ఆ రాత్రి హైదరాబాదు వస్తూ, నకిరేకల్ దాటాక, ప్రక్షిప్తానికి కాలనిర్ణయం చెయ్యడం మొదలుపెట్టాను. మిల్లు సేటు కలిపి ఉండొచ్చు కదా. కానీ సేటుకి పెట్రోలు ఖర్చు లెక్కలేదు, ఆయన బండి చూసింది మిర్యాలగూడ మెకానిక్కు. నాయిన కంటే ముందు నడిపిన వాళ్ళా? కానీ చాచా మౌనం? ఏ రాతప్రతిలో ఏ శ్లోకం ఎప్పుడు దూరిందో తేల్చేవాళ్ళు ఆ శ్లోకాన్ని మాత్రమే చూడరు, చుట్టూ ఏముందో చూస్తారు. చుట్టూ చూస్తే నాకు మా వంటిల్లు కనపడింది.

మా ఇంట్లో రేషను గాసునూనె నెల మధ్యకే అయిపోయేది. అమ్మ స్టవ్వు పక్కన పెట్టి కట్టెల పొయ్యి రాజేసేది. ఊదుగొట్టంతో ఊదుతూ, కళ్ళు తుడుచుకుంటూ రేషను డీలరుని తిట్టేది, కొలత తక్కువ పోస్తున్నాడని. నాకు ఏడేళ్ళప్పుడు ఒకరోజు నన్ను చంకలో వేసుకుపోయినంత పనిచేసి, లైన్లో అందరి ముందూ ఆయనతో కొట్లాడింది. "పిల్లల తల్లిని, నా నోటికాడి కూడు తింటవా" అని. ఆయన లీటరు కొలత ఎత్తి చూపిస్తూ దేవుడి మీద ఒట్టేశాడు. ఎవరూ నమ్మలేదు. రేషను డీలరు ఒట్టు ఎవరు నమ్ముతారు? ఆ తర్వాత చాలా రోజులు మా వీధిలో ఆయన్ని చూసి పిల్లలం దొంగ దొంగ అని అరిచేవాళ్ళం. నేనూ అరిచాను.

ఆ డ్రైవు పూర్తయ్యేసరికి నాకు నాయిన మీద కోపం రాలేదు. అది వచ్చి ఉంటే బాగుండేది, కోపం తేలిక. పన్నెండేళ్ళలో పెట్రోలు ఎన్నిసార్లు పెరిగిందో, కిరాయి ఎన్నిసార్లు పెరిగిందో నాకు తెలియదా? ఆ తేడా ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. మా ఇంట్లో అది పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. నా స్కూలు ఫీజులో కూడా కొన్ని లీటర్లు ఉండుంటాయి. నన్ను పట్టుకున్నది వేరే. నేను ఆ స్ప్రింగు తీసి, కవర్లో వేసి, 'రాంగ్ పార్ట్' అని రాసి, బండిని 1971కి తీసుకుపోయాను. 1971లో ఆ బండి మాది కాదు. మా అమ్మకి పెళ్ళి కూడా కాలేదు. మా ఇంటి గురించి ఆ కారులో మిగిలిన ఒకే ఒక్క రాత, చేత్తో రాసింది, దాన్ని నేనే పీకాను. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా వాళ్ళ ట్యూరిన్ చార్టర్ అని ఒకటుంది. బండి మీద వాడకం వేసిన గుర్తులు కూడా దాని చరిత్రే, వాటిని చెరపడానికి తొందరపడకండి అన్న ధోరణిలో ఉంటుంది. మొదట్లోనే చదివాను. పెయింటు గీతల గురించనుకున్నాను.

మళ్ళీ ఆ స్ప్రింగు పెట్టెయ్యాలా? పెట్టి చూశాను కూడా. ఇప్పటి పెట్రోలుకి అది అస్సలు పనికిరాదు, మూసీ బ్రిడ్జి దాటి చిన్న ఎత్తు ఎక్కడానికే బండి రొప్పింది. తీసేశాను. ప్రతి పాఠాన్నీ మూలంలోనే ఉంచలేం, అందుకే పుస్తకాల్లో అధోజ్ఞాపికలు ఉంటాయి. కారుకి అధోజ్ఞాపిక ఎక్కడ రాస్తారు?

మేలో నాయినని కూర్చోబెట్టుకుని కోదాడ దాకా పోయాం. పోయేటప్పుడు ఆయనే నడుపుతానన్నాడు. మునగాల దాటాక బండి పక్కకి ఆపి, యాక్సిలరేటరు రెండుసార్లు తొక్కి విని, "స్ప్రింగు మార్చినవా?" అన్నాడు.

నేను డ్యాష్‌బోర్డు కింద అరలోంచి జిప్ కవరు తీసిచ్చాను. పైన నా రాత ఇంకా ఉంది. ఆయన ఇంగ్లీషు చదవగలడు, నిదానంగా. చదివాడు. స్ప్రింగు అరచేతిలో పోసుకుని, బొటనవేలితో కొక్కెం నొక్కి చూశాడు.

"మీ చాచా చుట్టిందే" అన్నాడు.

లారీలు పోతున్నాయి. ఒక్కోటి పోయినప్పుడల్లా బండి కొంచెం ఊగుతోంది. నేనేమీ అడగలేదు. అడిగితే ఆయన పాత వాక్యమే చెప్తాడనీ, అప్పుడు నేను అది నమ్మినట్టు తల ఊపాల్సొస్తుందనీ భయం.

"మీ అమ్మ డీలరుతోటి కొట్లాడిన రోజు" అన్నాడు, రోడ్డు వైపే చూస్తూ, "నేను గాడనే ఉన్న. బండి అవతల ఆపుకొని."

చాలాసేపటికి మళ్ళీ తనే, "ఆ ఆఫీసు ఫారంల ఇదిగూడ రాయాల్నా?" అని అడిగాడు.

"దానికి గడి లేదు నాయినా."

స్ప్రింగుని చొక్కా జేబులో వేసుకుని, ఖాళీ కవరు నాకిచ్చి, దిగి పక్క సీట్లోకి వచ్చాడు. "నువ్వు నడుపు" అన్నాడు.